రచయిత్రి తానే రెండు భాషల్లో రాసిన కథను అనువాదం అనవచ్చునా?

స్వర్ణముఖి (తిరుపతి)

మిత్రులందరికీ నమస్కారం. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల కథకుల కొత్త కథలతో ఒక సంకలనం తేవాలని మేము కొందరం నిరుటి నుంచి ప్రయత్నిస్తున్న సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. కథలు ఆహ్వానించినప్పుడు పెట్టిన నిబంధనలలో "అనువాదాలను స్వీకరించము" అన్నది ఒకటి. దాన్ని రాసినవాడిని నేనే. ఇతర భాషల కథలకు ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు మార్చి పంపేవారిని ఆపడమే అప్పటి ఉద్దేశం. ఇప్పుడు ఆ వాక్యమే మా మెడకు చుట్టుకుంది.

నగరి నుంచి ఒక రచయిత్రి కథ పంపారు. వచ్చిన వాటిలో మొదటి మూడింటిలో నిలబడే కథ అని ఎంపిక చేసిన ముగ్గురమూ అనుకున్నాము. అంతా అచ్చుకు సిద్ధమవుతున్న సమయంలో ఆమే ఒక ఉత్తరం రాశారు. ఇదే కథను మూడేళ్ల క్రితం తాను తమిళంలో రాయగా ఒక చిన్న పత్రికలో వచ్చిందనీ, తెలుగు కథ కూడా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తాను రాసినదేననీ, ఈ సంగతి దాచిపెట్టడం ఇష్టం లేక తెలియజేస్తున్నాననీ అందులో ఉంది. ఆమె అనుమతితోనే, పేరు చెప్పకుండా, విషయాన్ని ఇక్కడ పెడుతున్నాను. ముగ్గురిలో ఇద్దరు కథను తీసివేయాలంటున్నారు, నేను ఉంచాలంటున్నాను. ఒక మనిషి ఒకే కథను రెండు భాషల్లో రాసినప్పుడు రెండవది అనువాదమా, స్వతంత్ర రచనా? మీ అభిప్రాయాలను కారణాలతో సహా రాయండి.

కట్టమంచి పాఠకుడు (చిత్తూరు)

నా ఉద్దేశంలో ఇందులో చిక్కేమీ లేదు. ఒక భాషలో ఉన్న రచన మరొక భాషలోకి వస్తే అది అనువాదం. చేసినవారు మూలరచయిత అయినంత మాత్రాన ఆ సంబంధం మారదు. సొంత ఇంటికి తానే సున్నం వేసుకున్నా దాన్ని సున్నం వేయడమనే అంటాము.

రెండు భాషలు తెలిసిన రచయితలు మనకు కొత్త కాదు. మా కట్టమంచిలోనే పుట్టిన రామలింగారెడ్డిగారు "ముసలమ్మ మరణము" కావ్యాన్నీ, 1914 నాటి "కవిత్వతత్త్వ విచారము"నూ తెలుగులో రాశారు. రాజకీయాల మీద, విద్య మీద ఇంగ్లీషులో రాశారు, ప్రసంగించారు. ఏ పనికి ఏ భాష తగునో చూసి, పనిని భాషలకు పంచి ఇచ్చారు. అది గౌరవించదగిన పద్ధతి. ఒకే కథను రెండు పత్రికలకు రెండు భాషల్లో ఇవ్వడం వేరే సంగతి.

ఇంకొక మాట. మీ నిబంధనను నమ్మి, తమ దగ్గర ఉన్న మంచి అనువాదాలను పంపకుండా ఆగిపోయినవారు ఉండవచ్చు. ఒకరి కోసం నిబంధనను సడలిస్తే వారికి ఏం సమాధానం చెబుతారు? రచయిత్రి నిజాయితీని నేను మెచ్చుకుంటాను, కాని ఆ నిజాయితీ కథకు అదనపు అర్హత కాలేదు.

కపిలతీర్థం (తిరుపతి)

నేను "ఉభయభాషా ప్రవీణ" చదివిన తరం వాడిని. ఆ పట్టాలోని ఉభయభాషలంటే సంస్కృతాంధ్రాలే. పక్కింట్లో తమిళం, ఎదురింట్లో కన్నడం వినిపిస్తున్నా ఆ "ఉభయ" లెక్కలోకి అవి ఎన్నడూ రాలేదు. ఒక భాష పైమెట్టున, రెండవది కిందిమెట్టున ఉంటే తప్ప మనవారికి ద్విభాషా పాండిత్యం కనబడదేమోనని నాకు అప్పుడప్పుడు అనుమానం.

నన్నయకు భారత రచనలో తోడుపడిన నారాయణభట్టును నందంపూడి శాసనం సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్ర భాషలలో సుకవిశేఖరుడని కీర్తించింది. అంటే వెయ్యేళ్ల నాడే, మన కావ్యభాష నిలదొక్కుకుంటున్న తొలిరోజుల్లోనే, పలు భాషల్లో కవిత్వం చెప్పడం ప్రశంసకు కారణమైంది కాని అనుమానానికి కాలేదు. తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలిచిన కృష్ణరాయల విగ్రహాన్ని మనమందరం చూసినవాళ్లమే. ఆయన "ఆముక్తమాల్యద"లోని "దేశభాషలందు తెలుగు లెస్స" అన్న పాదాన్ని పరభాషల మీద కత్తిగా దూయడం మనకు అలవాటైంది. ఆ పద్యానికి ముందున్న పద్యాన్ని చదివేవారు తక్కువ. శ్రీకాకుళ ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి, మదాలస చరిత్ర, సత్యావధూప్రీణనం, సకలకథాసారసంగ్రహం మొదలైన రాయల సంస్కృత రచనలను పేరుపేరునా చెప్పి, ఇన్ని రాసిన నీకు ఆంధ్రభాష అసాధ్యమా, మాకు ప్రియంగా ఒక కృతి నిర్మించు అని అడుగుతాడు. సంస్కృతం మానుకోమని దేవుడు అనలేదు. మొదటి భాషలోని పనిని గుర్తించి, మెచ్చి, రెండవ భాషను అడిగాడు.

దగ్గరి కాలంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఉన్నారు. దశాబ్దాల పాటు మైసూరులో తెలుగు బోధించి, తరువాత తిరుపతికి వచ్చి, అన్నమయ్య పాటలకు స్వరాలు కట్టారు. వేమన మీద ఉపన్యాసాలు తెలుగులో, "గానకలె" వంటి గ్రంథాలు కన్నడంలో రాశారు. వారిని ఏ భాష వారు పరాయివారనుకున్నారు? నగరి రచయిత్రి కథను నిస్సంకోచంగా వేయండి.

బాహుదా (మదనపల్లె)

కపిలతీర్థంగారి మీద గౌరవం ఉంచుకుంటూనే, వారు చూపిన ఉదాహరణలు ఈ ప్రశ్నకు వర్తించవని మనవి చేస్తున్నాను. రాయలు సంస్కృతంలో "జాంబవతీ కల్యాణం" రాశారు, తెలుగులో "ఆముక్తమాల్యద" రాశారు. అవి రెండు వేర్వేరు కృతులు. అన్నమయ్య కూడా అంతే. తెలుగులో వేలకొద్దీ సంకీర్తనలు, సంస్కృతంలో కొన్ని చెప్పాడు. ఒకే పాటను రెండు భాషల్లో చెప్పినవాడిగా మనకు ఆయన తెలియదు. ఆయన సంస్కృతంలో రాసిన సంకీర్తన లక్షణాన్ని తెలుగు చేసినవాడు మనవడు చిన తిరుమలాచార్యుడు. సంస్కృత మూలం నేడు లభించకపోవడం వల్ల ఆ తెలుగు గ్రంథం ద్వారానే తాతగారి సిద్ధాంతం మనకు తెలుస్తోంది. అంత విలువైనదాన్ని కూడా మనం అనువాదమనే అంటున్నాము. ఆ మాటలో అవమానం ఏముంది? రెండు భాషల్లో రాయడం ఒక సంగతి, ఒక రచననే రెండు భాషల్లో రాయడం మరొక సంగతి.

ఈ రెండవదానికి ఉదాహరణ కావాలంటే మా ఊరే ఉంది. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె కళాశాలలో అతిథిగా ఉన్నప్పుడు రవీంద్రులు "జనగణమన"కు తానే ఇంగ్లీషు పాఠం రాశారు. దాని స్వరలిపి కూడా ఇక్కడే తయారైంది. ఆ సంగతి చెప్పుకొని మేము గర్వపడతాము, నేనూ పడతాను. అయితే ఆయన తన కవిత్వానికి తాను చేసిన అనువాదాల కథ అంత సంతోషకరమైనది కాదు. బెంగాలీ "గీతాంజలి"లో 157 గీతాలున్నాయి, 1912 నాటి ఇంగ్లీషు "గీతాంజలి"లో ఉన్నవి 103. వాటిలోనూ దాదాపు సగం వేరే పుస్తకాల నుంచి ఏరినవి. ఛందస్సు, ప్రాస, పాట అన్నీ పోయి, మెత్తటి భక్తివచనం మిగిలింది. మరుసటి ఏడాది నోబెల్ వచ్చింది. ఆ తరువాత వచ్చిన ఇంగ్లీషు పుస్తకాలతో పశ్చిమ దేశాల్లో ఆదరణ తగ్గుతూ వచ్చింది. తన ఇంగ్లీషు పాఠాలు తనకు న్యాయం చేయలేదన్న బాధను ఆయనే ఉత్తరాల్లో వెల్లడించుకున్నారు. వేరొక అనువాదకుడు అదే పని చేసి ఉంటే మూలానికి దూరమయ్యాడని ఎవరో ఒకరు నిలదీసేవారు. కవే చేశాడు గనుక అడిగేవారు లేకపోయారు. మూలరచయితకు ఉండే ఆ చనువే నాకు భయం కలిగిస్తుంది.

అందుచేత కథను వేయదలిస్తే వేయండి, కాని "అనువాదం, రచయిత్రి స్వయంగా చేసినది" అని కింద రాసి వేయండి.

పించా ఒడ్డు (పీలేరు)

ఇంతమంది ఇంత రాశారు. ఆ రెండు కథలనూ చదివినవారు మనలో ఎవరైనా ఉన్నారా?

సత్యవేడు తూర్పువీధి

నేను చదివాను. తమిళ కథ వచ్చిన పత్రిక మా ఇంటికి వస్తుంది. తెలుగు కథను స్వర్ణముఖిగారు నిన్న పంపారు. ఒకదాని పక్కన ఒకటి పెట్టుకొని రెండుసార్లు చదివాను.

కథ క్లుప్తంగా ఇది. తిరుత్తణి వైపు నుంచి నగరికి కాపురానికి వచ్చిన కోడలు పుట్టింటి నుంచి ఒక ఆవును వెంట తెచ్చుకుంటుంది. అత్తకు ఆ ఆవంటే పడదు. ఏళ్లు గడుస్తాయి. ఒకనాటి తెల్లవారుజామున ఇంట్లో అత్తా ఉండదు, కొట్టంలో ఆవూ ఉండదు.

తెలుగు కథ ఇలా మొదలవుతుంది: "తెల్లారక ముందే ఎలబారింది. ఎవరికీ చెప్పలేదు. గడప దాటేటప్పుడు మాత్రం ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది." ఎలబారింది, అంటే బయలుదేరింది, ఎవరు? అవ్వా, ఆవా? మన క్రియాపదం ఆ గుట్టు విప్పదు. తెలుగులో ఆడమనిషి వచ్చినా "వచ్చింది", ఆవు వచ్చినా "వచ్చింది". రచయిత్రి ఆ సందిగ్ధాన్ని రెండు పేరాల పాటు మోసుకొని వచ్చి, మూడవ పేరాలో గుంజకు వేలాడుతున్న తెగిన పలుపును చూపిస్తారు. అప్పటికీ పూర్తిగా తేలదు, ఎందుకంటే ఆ వెంటనే ఖాళీ మంచం కనిపిస్తుంది.

ఇది తమిళంలో జరగని పని. తమిళ క్రియ మొదటి మాటలోనే తేల్చేస్తుంది. అవ్వ అయితే "కిళంబినాళ్", ఆవు అయితే "కిళంబియదు". అందుకే తమిళ కథ ఎలబారడంతో మొదలు కాలేదు. అక్కడ మనవడు నిద్ర లేచి, పాలచెంబు బోర్లించి ఉండడం చూసి, పాట్టి (అవ్వ) కోసం కేకలు వేయడంతో మొదలవుతుంది. అది మంచి ఆరంభమే, కాని దానిలోని నడక వేరు, ఉత్కంఠ వేరు. చివర కూడా తేడా ఉంది. తమిళంలో ఇద్దరూ తిరిగి వస్తారు. తెలుగులో వీధి చివర గంట చప్పుడు వినబడి ఆగిపోతుంది.

మూలానికి లేని ఆయువుపట్టు ఉన్నదాన్ని అనువాదమని ఎలా అనగలం? వేరొక అనువాదకుడు ఇంత మార్పు చేసి ఉంటే తమిళ రచయిత్రి అతని మీద కోప్పడి ఉండేవారు, ఆ కోపం న్యాయమైనదే అయ్యేది. బాహుదాగారు రచయిత చనువును భయంగా చూశారు. ఇక్కడ ఆ చనువే కథను నిలబెట్టింది. కుర్రతులైన్ హైదర్ 1959లో ఉర్దూలో వచ్చిన తన "ఆగ్ కా దరియా"ను 1998లో ఇంగ్లీషులో తానే తెచ్చినప్పుడు కొన్ని భాగాలు వదిలి, కొన్ని కొత్తగా చేర్చారు. ఆ రెండింటినీ రెండు పుస్తకాలుగానే లెక్కించేవారున్నారు. ప్రేమ్‌చంద్ "సేవాసదన్" సంగతి మరీ విచిత్రం. ముందు రాసింది ఉర్దూలో, ముందు అచ్చయింది 1919లో హిందీలో, ఉర్దూ పాఠం 1924 దాకా పుస్తకంగా రాలేదు. కట్టమంచి పాఠకుడిగారి సూత్రం ప్రకారం ఆ రెండింటిలో ఏది అనువాదమో వారే చెప్పాలి.

కట్టమంచి పాఠకుడు (చిత్తూరు)

సత్యవేడువారి వివరణ చదివి కొంత తగ్గాను, పూర్తిగా తగ్గలేదు. పల్లె తమిళంలో ఆడవారిని గురించి కూడా "అదు కిళంబిచ్చు" అనడం నేను తిరుత్తణి సంతలో చెవులారా విన్నాను. రచయిత్రి కావాలనుకుంటే తమిళంలోనూ ఆ సందిగ్ధాన్ని సాధించి ఉండవచ్చు. కాబట్టి దాన్ని భాష ఇచ్చిన వరమని చెప్పి, స్వతంత్ర రచనకు రుజువుగా చూపడం తొందరపాటు. రెండవసారి రాసేటప్పుడు ఎవరైనా మెరుగుపరుస్తారు. మెరుగుపరిచిన రెండవ ముద్రణను కొత్త పుస్తకమని అనము కదా. "సేవాసదన్" విషయంలో నా సూత్రం తడబడిన మాట మాత్రం ఒప్పుకుంటున్నాను.

నగరి మగ్గం

ఆ కథ రాసింది నేనే. మరమగ్గాల చప్పుడు మధ్య ఉంటాము కనుక ఈ పేరు పెట్టుకున్నాను. ఇంతమంది పెద్దలు నా కథ గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడుతూ ఉంటే ఊరుకోవడం మర్యాద కాదనిపించి రాస్తున్నాను.

కట్టమంచి వారు చెప్పినట్టు, "కిళంబిచ్చు" అనే వాడుక ఉన్నది నిజమే. మా పుట్టింట్లో చిన్నపిల్లను, ముద్దుగా భార్యను అలా అంటారు. కాని కథ చెబుతున్నది మనవడు. వాడు తన అవ్వను గురించి అలా అంటే తమిళ పాఠకుడికి అది చనువుగానో, తూష్ణీకారంగానో వినిపిస్తుంది. తెలుగులో "అవ్వ వచ్చింది" అంటే ఏ దోషమూ వినిపించదు. నాకు కావలసింది ఆ నిర్దోషమైన సందిగ్ధం. తమిళంలో దాన్ని ప్రయత్నించి, మూడు రోజులు కాగితాలు చించి, వదిలేశాను.

మా అమ్మది పళ్లిపట్టు దగ్గర పల్లె. 1960 ఏప్రిల్ 1న ఆ ప్రాంతం తిరుత్తణితో పాటు చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. సత్యవేడు వైపు ఇటు వచ్చింది. అమ్మకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. మా అత్తగారికి తమిళం అర్థమవుతుంది, చదవడం రాదు. ఈ కథ వాళ్లిద్దరి గురించి. ఒక భాషలోనే రాస్తే ఇద్దరిలో ఒకరికి మరొకరు చదివి వినిపించాలి, అంటే తన మీద ఉన్న నింద కూడా తానే చదివి వినిపించాలి. అందుకని ఒక్కొక్కరికి ఒక్కొక్క కథ రాశాను. అమ్మ చదివిన కథలో అందరూ తిరిగి వస్తారు. అత్తగారు చదివిన కథలో రారు. ఆమె పుస్తకం మూసి, "ఆవు వచ్చింటుందిలే" అన్నారు. తన సంగతి అడగలేదు.

ఇంగ్లీషులో కూడా రాయమని ఒక స్నేహితురాలు అడిగింది. అక్కడ కథే జరగలేదు. కోడలు ఏళ్ల తరబడి అత్తతో "మా ఆవు" అంటూ వచ్చి, చివరకు ఒకసారి "మన ఆవు" అంటుంది. తమిళంలో "ఎంగ మాడు" అన్నది "నమ్మ మాడు" అవుతుంది. రెండు భాషల్లోనూ ఆ ఒక్క మాటతో గోడ పడిపోతుంది. ఇంగ్లీషులో రెండింటికీ "అవర్" ఒక్కటే. అక్కడ నేను పక్కన ఒక వాక్యం పెట్టి వివరించాలి. అలా వివరించి రాసేది అనువాదమే అవుతుంది, దాన్ని నేనే అలా పిలుస్తాను. అందుచేత బాహుదాగారి మాటలో నాకు అవమానమేమీ కనబడలేదు. ఈ తెలుగు కథకు మాత్రం ఆ పేరు సరిపోదని నా నమ్మకం. అనువాదమని అచ్చు వేసేటట్టయితే దయచేసి కథను వెనక్కి పంపండి. నిబంధన ప్రకారం తీసివేసినా నాకు కష్టం లేదు.

బాహుదా (మదనపల్లె)

అమ్మా, మీ జవాబు చదివాను. రవీంద్రుల ఉదాహరణ మీకు వర్తించదని ఒప్పుకుంటున్నాను. ఆయన బలమైన భాషలోని కొత్త పాఠకులను ఊహించుకొని, వారికి నచ్చేటట్టు తనను తాను సర్దుకున్నారు. మీకు రెండు వైపులా ఉన్నది ఇంటివాళ్లే, ఒకరి కంటే ఒకరు తేలికగా వదిలిపెట్టేవారు కారు. ఏ భాష నుంచి ఏ భాషకు వెళ్తున్నామన్నది ఎంత ముఖ్యమో నేను ముందు ఆలోచించలేదు. అయినా తమిళ కథ ఉన్నదన్న సంగతి పాఠకుడికి తెలియాలి. రేపు ఎవరైనా ఆ రెండింటినీ పోల్చి చదవాలనుకుంటే దారి ఉండాలి.

స్వర్ణముఖి (తిరుపతి)

నిన్న రాత్రి ముగ్గురమూ మళ్లీ కూర్చున్నాము. ఈసారి ఇద్దరం ఉంచాలని, ఒకరు వద్దని అన్నారు. వద్దన్న మిత్రుడు కట్టమంచి పాఠకుడిగారి మొదటి అభ్యంతరాన్నే పట్టుకున్నారు: నిబంధనను నమ్మి అనువాదాలు పంపకుండా ఆగిపోయినవారికి అన్యాయం జరిగింది అని. దానికి నా దగ్గర సరైన సమాధానం లేదు. నిబంధన రాసినవాడిని గనుక ఆ తప్పు నాది. కథ సంకలనంలో ఉంటుంది. కథ చివర "ఈ కథకు రచయిత్రి రాసిన తమిళ రూపం" అని, పత్రిక పేరు, సంవత్సరం ఇస్తాము. అనువాదం, మూలం అన్న రెండు మాటలనూ వాడడం లేదు. తరువాతి సంకలనానికి నిబంధనను "ఇతరుల రచనలకు అనువాదాలను స్వీకరించము" అని మారుస్తున్నాము. అచ్చుప్రతిని రచయిత్రికి ఈ ఉదయం పంపాను.

నగరి మగ్గం

అచ్చుప్రతి అందింది, ధన్యవాదాలు. ఒక్క మనవి. మొదటి వాక్యంలో "ఎలబారింది" అన్న మాటను ఎవరో "బయలుదేరింది" అని దిద్దారు. మా అత్తగారు "బయలుదేరింది" అని ఎన్నడూ అనలేదు, ఆ అవ్వా అనదు. దయచేసి పాత మాటనే ఉంచండి.